వెనక సీటుకీ ఓ ఓటు ఉండాలి

ఈసారి పప్పూ ఉప్పూ కాదు, ఓ ఇనప కడ్డీ గురించి రాస్తున్నాను. దాని పేరు స్వే బార్. మూడు చక్రాల మోటారు సైకిలుకి ముందు భాగంలో, ఎవరి కంటా పడకుండా ఉంటుంది. ఇక్కడ అమెరికాలో మాకు తెలిసిన నాలుగిళ్ళలో యాభై దగ్గర పడుతున్న మగవాళ్ళు ఈ బళ్ళు కొన్నారు. మా ఆయన అందులో ఒకరు. కొన్న కొన్నాళ్ళకే అందరిదీ ఒకటే పాట: "కంపెనీ ఇచ్చిన బార్ మెత్తగా ఉంది, లావుపాటిది వేయించాలి." వేయించనివ్వాలా, వద్దా? నా మాట ముందే చెప్పేస్తాను. వేయించనివ్వండి. కానీ ఊరికే తల ఊపకండి, వెనక సీటు తరఫున కొన్ని షరతులు పెట్టండి.

బండి సంగతి ముందు చెప్పాలి. మన ఆటోకి ముందు ఒక చక్రం, వెనక రెండు. వీటికి తిరకాసుగా ముందు రెండు, వెనక ఒకటి. కెనడాలో క్యుబెక్ రాష్ట్రంలోని వాల్కోర్ అనే చిన్న ఊరి కంపెనీ బిఆర్‌పి, 2007లో స్పైడర్ పేరుతో ఇలాంటి బండిని తెచ్చింది. మా ఇంట్లో ఉన్నది ఎవరిదో చెప్పను గానీ అమరిక అదే. ఈ అమరిక ఆటో కంటే నయం. మలుపులో బ్రేకు వేస్తే బరువు ముందుకీ, బయటి వైపుకీ తోసుకుపోతుంది. ఆటోకి సరిగ్గా ఆ మూలలో ఆసరా లేదు, మధ్యలో ఒంటి చక్రమే. అందుకే వేగంగా మలుపు తిరుగుతూ బ్రేకేస్తే ఆటో గుండె గుభేలుమనిపిస్తుంది. దీనికైతే ఆ మూలలో ఓ చక్రం కాపు కాసి ఉంటుంది.

అయితే కష్టం ఇంకోటుంది. స్కూటరు మీద మలుపు తిరిగేటప్పుడు బండి లోపలికి వాలుతుంది, మనమూ దాంతో పాటే వాలతాం. ఒంటి బరువు తిన్నగా సీటు మీదే పడుతుంది. వెనక ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ వేసుకుని, ఒళ్ళో కూరల సంచీ పెట్టుకుని కూడా హాయిగా వెళ్ళిపోతాం. ఈ బండి అలా వాలదు. కారులాగా బల్లపరుపుగా తిరుగుతుంది, పైపెచ్చు మలుపుకి బయటి వైపుకి ఒరుగుతుంది. నడిపేవాళ్ళకి పట్టుకోవడానికి హ్యాండిలుంది, మలుపు ముందే కనిపిస్తుంది. వెనక కూర్చున్నవాళ్ళకి ముందున్న వీపు తప్ప ఇంకేం కనబడదు. బండి ఒరిగాకే మలుపొచ్చిందని తెలుస్తుంది. కాబట్టి ఈ ఒరుగుడు బాధ ఎవరికెక్కువో వేరే చెప్పాలా?

స్వే బార్ పని ఈ ఒరుగుడుని తగ్గించడం. ఎలాగంటే, తడి దుప్పటి ఇద్దరం చెరో కొసా పట్టుకుని పిండడం గుర్తు తెచ్చుకోండి. ఇద్దరూ ఒకే వైపుకి తిప్పితే దుప్పటి ఊరికే తిరుగుతుంది, చుక్క నీరు రాదు. చెరో వైపుకి తిప్పితేనే మెలి పడుతుంది, చేతులకి ఎదురు తిరుగుతుంది. ఈ కడ్డీ ఒక కొస ఎడమ చక్రం సస్పెన్షన్‌కి, రెండో కొస కుడి చక్రం సస్పెన్షన్‌కి తగిలించి ఉంటుంది. స్పీడు బ్రేకరు మీద రెండు చక్రాలూ కలిసి లేస్తే కడ్డీ ఊరికే తిరుగుతుంది. మలుపులో ఒకటి అణిగి ఒకటి లేస్తే మెలి పడి, "ఆగు" అని ఎదురు తిరుగుతుంది. నాలుగు చక్రాల కారుకైతే ముందూ వెనకా కూడా ఈ ఎదురు పెట్టొచ్చు. వెనక ఒంటి చక్రమున్న బండిలో ఆ పని మొత్తం ముందు జతదే. అందుకే ఇక్కడ ఈ కడ్డీకి అంత విలువ.

కడ్డీ ఏమాత్రం లావైనా తేడా చాలా ఉంటుంది. గట్టితనం మందానికి నాలుగో ఘాతం లెక్కన హెచ్చుతుంది. అంటే పదోవంతు లావైతే దాదాపు ఒకటిన్నర రెట్లు, అయిదోవంతు లావైతే రెట్టింపు దాటి గట్టిపడుతుంది. చూడ్డానికి చపాతీ కర్రకీ పూరీ కర్రకీ ఉన్నంత తేడా కూడా ఉండదు. కూర్చుంటే మాత్రం తెలిసిపోతుంది.

ఇక అసలు మాట. ఈ కడ్డీ ఒరుగుడుని తగ్గిస్తుంది, ప్రమాదాన్ని తగ్గించదు. బండి తిరగబడే హద్దు దాని బరువు ఎంత ఎత్తున ఉంది, ముందు చక్రాల మధ్య ఎంత ఎడముంది, ఎంత వేగంతో తిరుగుతున్నాం అన్నవాటి మీద ఆధారపడుతుంది. కడ్డీ లావైనంత మాత్రాన చక్రాలు దూరం జరగవు, బరువు కిందికి దిగదు. వేగంగా పోతున్నావని బండి ఇన్నాళ్ళూ ఒరిగి చెప్పేది. ఇప్పుడు అదే వేగానికి తక్కువ ఒరుగుతుంది. అంటే చెప్పే గొంతు తగ్గింది, చెప్పాల్సిన విషయం తగ్గలేదు. మేముండే నార్త్ కరోలినాలో బ్లూ రిడ్జ్ పార్క్‌వే ఉంది. 469 మైళ్ళ కొండదారి, చాలా చోట్ల గంటకి 45 మైళ్ళు మించకూడదు. కొత్త బార్ వేయించుకున్నవాళ్ళ సంబరం ఆ మలుపుల్లో ఎలా ఉంటుందో నేను విన్నాను: "ఇదివరకు 35లో తిరిగే మలుపు ఇప్పుడు 45లో కూడా కదలకుండా తిరుగుతోంది!" ఆ పది మైళ్ళూ ఎవరడిగారు? మనం అడిగింది నెమ్మది. వాళ్ళు కొనుక్కున్నది జోరు.

మా ఆడపడుచు ఫోన్లో నవ్వింది. "వదినా, బండి సంగతి అన్నయ్య చూసుకుంటాడులే, నీకెందుకు ఆ బోల్టుల గోల?" అని. "నేను దిగి నడుస్తానంటే నాకెందుకే. ఎక్కుతున్నాను కదా!" అన్నాను. మన ఇళ్ళలో ఇదే తంతు. ఇల్లు కట్టేటప్పుడు వంటగట్టు ఎత్తు ఎంతుండాలో వంట చేసేవాళ్ళని అడగరు. బండి కొనేటప్పుడు వెనక కూర్చునేవాళ్ళని అడగరు. అడిగితే రంగు అడుగుతారు. రంగు మీద మనకి పూర్తి స్వేచ్ఛ!

డబ్బు మాటా చెప్పుకుందాం. బార్ కిట్టు రమారమి 200 నుంచి 300 డాలర్లు. అదే ఇంట్లో మెరిసే దీపాలకీ, పాటల పెట్టెకీ అంతకు మించే అయి ఉంటుంది, ఎవరూ లెక్క అడిగి ఉండరు. బయటికి కనబడే వాటికి చెయ్యి ధారాళం, కనబడని వాటికి బేరం. అందుకే ఈ ఖర్చుకి నేను అడ్డం చెప్పను. కొన్న దాంట్లో వెనక సీటుకీ పనికొచ్చే వస్తువు ఇదొక్కటే.

షరతులు ఇవి. ముందు టైర్లలో గాలి, చక్రాల అలైన్‌మెంటు సరిచూపించాలి. అవి తప్పుగా ఉంచి బార్ మార్చడం, చెమ్మ ఊరే గోడకి రంగు వేయడంలాంటిది. బార్ కొసల్లో ఉండే లింకులు, పట్టి ఉంచే బుష్‌లు కూడా చూడాలి, అవి అరిగితే కొత్త కడ్డీ ఉండీ దండగ. యూట్యూబు చూసి ఇంట్లోనే బిగిస్తానంటే సరే, టార్క్ రెంచితో చెప్పిన బిగువుకే బిగించాలి. కొన్ని వందల మైళ్ళు తిరిగాక మళ్ళీ చూడాలి. కొన్ని బళ్ళలో అదుపు తప్పబోతే తనంతట బ్రేకు వేసే కంప్యూటరుంటుంది. దాన్ని చూసుకునో, బార్‌ని చూసుకునో వేగం పెంచకూడదు. మలుపు దగ్గర పసుపు పలక మీద ఎంత రాసుందో బార్ మార్చాక కూడా అంతే.

చివరి షరతు, బార్ బాగుందో లేదో తీర్పు చెప్పేది వెనక సీటు. ఒక వైపు చక్రం గుంటలో పడ్డప్పుడు గట్టి బార్ ఆ కుదుపుని రెండో వైపుకీ పంచుతుంది. కాబట్టి మరీ లావుది కూడా మంచిది కాదు. మలుపులో నెమ్మది ఎంత, గతుకులో కుదుపు ఎంత అన్నది నడుముకి తెలుస్తుంది, కాగితానికి తెలియదు. ఒకసారి మీకు తెలిసిన దారిలో, ఎప్పుడూ వెళ్ళే వేగంతోనే తిప్పమనండి. మీ చేతులు పిడిని ఎంత గట్టిగా పట్టుకున్నాయో చూసుకోండి. పట్టు సడలితే బార్ మంచిదే. ఇంకా బిగిసిందంటే అడగాల్సింది బార్ గురించి కాదు, స్పీడోమీటరు గురించి. వెనక నుంచి అది కనబడకపోతే గట్టిగానే అడగండి.