గొంగళి కప్పుకున్న పువ్వు



పొలం గట్ల మీద పిండికూర మొక్కను మీరు చూచే ఉంటారు. తెల్లని నూగుతో, పిండి చల్లినట్టు కనిపిస్తుంది. ఈ నెల అటువంటి నూగు మొక్కనే మరొకదానిని గూర్చి చెప్పదలిచాము. అయితే అది మన దేశపుది కాదు.

అమెరికా పడమటి భాగంలో, కాలిఫోర్నియా మొదలుకొని కెనడాలోని బ్రిటిష్ కొలంబియా వరకు, నీరు నిలువని కొండవాలులలో, రాళ్ల మధ్య అది పెరుగుతుంది. దానిని అక్కడివారు ఆరిగన్ సన్‌షైన్ అంటారు. ఆరిగన్ అనే రాష్ట్రపు ఎండ అని ఆ పేరుకు అర్థం. ఒకటి రెండు అడుగుల ఎత్తు, పసుపుపచ్చని పువ్వు, బూడిదరంగు ఆకులు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఎరియోఫిల్లమ్ లానాటమ్. మొదటి మాటకు ఉన్ని ఆకు అనీ, రెండవదానికి ఉన్ని గలది అనీ అర్థం. మన పిండికూర శాస్త్రనామమైన ఏర్వా లానాటాలో ఉన్నది కూడా ఆ రెండవ మాటే!

1806లో మెరివెదర్ లూయిస్ అనే అన్వేషకుడు, కొండల మీద మంచు కరగడానికి వేచి ఉన్న రోజులలో, నేటి ఐడహో రాష్ట్రంలో ఈ మొక్కను సేకరించాడు. 1814లో ఫ్రెడరిక్ పుర్ష్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు దానిని వర్ణించి గ్రంథస్థం చేశాడు.

ఇంతకూ ఆ నూగు ఎందుకు? తెల్లని నూగు ఎండను కొంత వెనుకకు కొడుతుంది. వేడిగాలి ఆకును నేరుగా తాకకుండా ఆపుతుంది. అందువలన ఆకులోని తడి త్వరగా ఆరిపోదు. చూపులకు మాసిన బట్టవలె ఉన్నదే దాని ప్రాణాన్ని కాపాడుతున్నది. ఎల్లప్పుడూ తడిగా ఉండే నేల దానికి పడదు. తోటలో పెంచేవారు ముద్దు చేసి నీళ్లు ఎక్కువ పోస్తే వేరు కుళ్లిపోతుంది.

ఈ సంగతి చదివినప్పుడు మాకు గొంగళి గుర్తుకు వచ్చింది. మాలో కొందరం హాస్టలులో చదువుకునే రోజులలో, భుజాన గొంగళితో చూడవచ్చిన నాన్నను స్నేహితులకు చూపించడానికి సిగ్గుపడ్డాము. "ఎవరు?" అని అడిగితే "మా ఊరాయన" అన్నవారమూ ఉన్నాము. ఆయన ఆ మాట విన్నాడో లేదో మాకు ఇప్పటికీ తెలియదు. ఎండకు, వానకు, చలికి ఆ గొంగళే ఆయనకు అడ్డు. దాని చాటున ఆయన పడిన కష్టమే మాకు ఫీజులయింది, పుస్తకాలయింది.

పిల్లలారా, మీ నాన్న చేతుల కాయలను, మీ అమ్మ వెలిసిన చీరను చూచి తల దించుకోకండి. మెట్టనేల మనుషులకు అవి లోటు కాదు. ఆ పువ్వుకు నూగు ఎలాంటిదో వారికి అవి అలాంటివి. తల్లిదండ్రులారా, మీరు కూడా వాటిని దాచుకోవద్దు.

ఈసారి గట్టు మీద పిండికూర కనబడితే పిల్లలను పిలిచి ఆ నూగును తాకనివ్వండి. అది ఎందుకున్నదో మీరే చెప్పండి.