విప్పక ముందు అడిగినాడు: షువైఖ్‌లో ఒక ఉస్తాద్ గురించి

పోస్ట్ కొంచెం పొడుగు, డ్యూటీ అయినాక తీరిగ్గా చదవండి.

గరాజ్‌ల గురించి మన గ్రూపుల్లో వచ్చేవి అన్నీ తిట్లే. వాడు మోసం చేసినాడు, వీడు కొత్తది అని చెప్పి పాతది బిగించినాడు అని. అవి అబద్ధాలు అనడం లేదు. కానీ పని బాగా చేసినోడి గురించి ఒక్కరు కూడా రాయరు. కాబట్టి మేము రాస్తున్నాం. మా మాట ముందే చెప్పేస్తాం. మంచి గరాజ్ అంటే తక్కువ తీసుకునేది కాదు, పెద్ద బోర్డు ఉండేది కూడా కాదు. పానా పట్టుకునే ముందు నిన్ను నాలుగు ప్రశ్నలు అడిగేది.

మంగాఫ్‌లో మా రూమ్‌లో నలుగురం కలిసి వాడుకునే కారు ఒకటి ఉంది, 2012 మోడల్ లాన్సర్. దఫ్తర్ ఒకరి పేరు మీద, ఖర్చు నలుగురిది. జూలైలో ఇంజన్ వేడి సూది పైకి ఎక్కడం మొదలైంది. మనం ఉన్న దేశం ఎట్లాంటిదో చెప్పాల్సిన పని లేదు, 2016 జూలైలో మిత్రిబా దగ్గర 53.9 డిగ్రీలు నమోదైన దేశం. హైవే మీద బండి ఆగిపోతే అది రిపేరు సమస్య కాదు, ప్రాణం సమస్య.

దగ్గరలో ఉన్న ఒక గరాజ్‌కి తీసుకుపోయినాం. పేరు అనవసరం. బానెట్ ఎత్తినాడు, అర నిమిషం చూసినాడు, "హెడ్ గాస్కెట్ పోయింది, ఇంజన్ దించాలి, 180 దీనార్లు" అన్నాడు. ఇక్కడ ప్రైవేటు కంపెనీల్లో కనీస జీతం 75 దీనార్లు. అంటే ఒక హెల్పర్ రెండు నెలలు తిండి కూడా తినకుండా పని చేసినా ఆ డబ్బు రాదు. మా రూమ్‌లో ఒక తమ్ముడు ఆ నెలే కూతురు కాలేజీ ఫీజు పంపాల్సి ఉంది. ఆలోచించి చెప్తాం అని బండి వెనక్కి తెచ్చుకున్నాం.

తర్వాతి శనివారం తెల్లారకముందే, ఎండ రాకముందే, షువైఖ్ ఇండస్ట్రియల్‌కు పోయినాం. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాం, కెనడా డ్రై స్ట్రీట్ చుట్టుపక్కల అంతా గరాజ్‌లు, స్పేర్ పార్టుల షాపులు, బన్షర్‌లే. లోపల సందులో ఒక చిన్న షాపు. ఉస్తాద్ పాకిస్తాన్ పెద్దాయన, గడ్డం నెరిసింది, ఇద్దరు కుర్రాళ్ళు కింద పని చేస్తున్నారు.

ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు అడిగినాడు. సూది ఎప్పుడు ఎక్కుతుంది, సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడా, పరుగులో ఉన్నప్పుడా? నిలబడినప్పుడు అన్నాం. పరుగు అందుకుంటే దిగుతుందా? దిగుతుంది. ఏసీ సిగ్నల్ దగ్గర వేడి గాలి కొడుతుందా? అవును, కదిలితే మళ్ళీ చల్లగా వస్తుంది. నీళ్ళు తగ్గుతున్నాయా? పెద్దగా లేదు. పొగ గొట్టంలో తెల్ల పొగ? లేదు.

అప్పుడు నవ్వి, "భాయ్, బండి పరిగెత్తితే గాలి అదే కొడుతుంది. నిలబడితే గాలి కొట్టాల్సింది ఫ్యాన్. ముందు ఫ్యాన్ చూద్దాం" అన్నాడు.

అంతే. ఐదు ప్రశ్నల్లో సగం రోగం తేలిపోయింది. లాన్సర్‌కి రేడియేటర్ వెనక రెండు ఫ్యాన్లు. ఒకటే తిరుగుతోంది. రెండోది ఎందుకు తిరగలేదో కూడా వరసగా చూసినాడు. ముందు ఫ్యూజు, తర్వాత రిలే. రెండూ బాగున్నాయి. ఆ తర్వాత ఫ్యాన్‌కి బ్యాటరీ నుంచి నేరుగా వైర్ ఇచ్చినాడు, అయినా కదల్లేదు. మోటార్ పోయిందని అప్పుడు చెప్పినాడు, అంతవరకూ ఏమీ అనలేదు.

హెడ్ గాస్కెట్ మాట కూడా మేము చెప్పినాం. దాన్ని నోటితో కొట్టిపారేయలేదు. ఇంజన్ చల్లబడేదాకా ఆగినాడు. వేడి మీద రేడియేటర్ మూత తీస్తే నీళ్ళు ఎగిరి మొహం మీద పడతాయి, ఎవరూ ఆ పని చేయొద్దు. చల్లబడినాక మూత తీసి, ఇంజన్ స్టార్ట్ చేసి, నీలం రంగు మందు ఉన్న ఒక గాజు గొట్టం ఆ నోటి మీద పెట్టినాడు. గాస్కెట్ పగిలి పొగ నీళ్ళలోకి వస్తుంటే ఆ నీలం పసుపు అవుతుందట. మమ్మల్ని పక్కన నిలబెట్టి చూపించినాడు. నీలం నీలంగానే ఉంది.

మేము సైట్‌లో పని చేసేవాళ్ళం, మాకు ఈ పద్ధతి తెలుసు. కాంక్రీట్ లారీ వచ్చిందంటే డ్రైవర్ మాట నమ్మి పోసేయం. స్లంప్ కొలుస్తాం, క్యూబులు తీస్తాం, 7 రోజులకు, 28 రోజులకు పగలగొట్టి చూస్తాం. పోసే ముందే కడ్డీ లెక్క పెడతాం, పోసినాక లోపల ఏముందో ఎవరికీ కనపడదు కాబట్టి. ఇంజన్ కూడా అంతే. మూసినాక లోపల ఏం చేసినాడో మనకు కనపడదు. అందుకే విప్పక ముందు పరీక్ష చేసేవాడు, తీసిన పార్టు చేతిలో పెట్టేవాడు కావాలి.

మోటార్ కొత్తదా, పాతదా అని అడిగినాడు. కంపెనీ కొత్తది ధర ఎక్కువ, చైనాది చౌక కానీ ఈ వేడికి ఎన్నాళ్ళు ఆగుతుందో తాను చెప్పలేనన్నాడు. అమ్ఘరా సక్రాబ్ నుంచి వచ్చిన పాత ఒరిజినల్ మంచిది అన్నాడు. అది 12 దీనార్లు, కూలి 5. రేడియేటర్ రెక్కల నిండా దుమ్ము అట్ట కట్టి ఉంటే లోపలి వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టి కడిగించినాడు, దానికి డబ్బు అడగలేదు. మొత్తం 17 దీనార్లు. బిల్లు రాసిచ్చినాడు, పాత మోటార్ కవర్‌లో వేసి ఇచ్చినాడు.

పని అయిపోగానే తాళం చేతిలో పెట్టి పొమ్మనలేదు. ఏసీ వేసి, బండిని ఎండలో అరగంట నిలబెట్టి సూది చూసినాడు. ఆ టైంలో కుర్రాడితో చక్రాలు కూడా చూపించినాడు. ముందు బ్రేక్ ప్యాడ్‌లు ఇంకా మూడు నెలలు వస్తాయి, ఇప్పుడు మార్చొద్దు అన్నాడు. వెనక టైర్లు మాత్రం తొందరగా మార్చమన్నాడు. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మా దాని మీద 2318 అని ఉంది. అంటే 2018లో 23వ వారం తయారైంది. గాడి బాగానే ఉన్నా రబ్బరు ఎండిపోయింది, ఈ రోడ్డు వేడికి పగులుతుంది అని గోరుతో నొక్కి చూపించినాడు. తను టైర్లు అమ్మడు. ఆ మాటలో ఆయనకు వచ్చే లాభం ఏమీ లేదు.

ఇప్పుడు కొందరు కామెంట్ పెడతారని తెలుసు. "ఏజెన్సీకే పోవాలి" అని ఒకరు. పోవచ్చు, జేబు ఉంటే. "ఆ 5 దీనార్ల కూలి 3కి తెచ్చుకోవాల్సింది" అని ఇంకొకరు. ఈ మాట దగ్గర మాకు కోపం వస్తుంది. మన ఓవర్‌టైం అర గంట కోసితే క్యాంపు అంతా కొట్లాడతాం కదా. ఆ ఉస్తాద్ కూడా మన లాగే ఇల్లు వదిలి వచ్చినోడు, అకామా డబ్బు, షాపు అద్దె కట్టేవాడు. 180 అన్నవాడి దగ్గర నోరు మెదపం, 5 అడిగినవాడి దగ్గర బేరం ఆడతాం. అట్లా బేరం ఆడితే వాడు కోసేది కూలి కాదు, ఆ అరగంట ఎండలో నిలబెట్టి చూడడం కోస్తాడు.

ఇళ్ళల్లో డ్రైవర్లుగా చేసే తమ్ముళ్ళకు ఇది మనకంటే ఎక్కువ అవసరం. బండి చెడితే నువ్వే పాడు చేసినావు అంటారు, కొన్ని ఇళ్ళల్లో జీతంలో పట్టుకుంటారు కూడా. రాయచోటి, రాజంపేట వైపు పిల్లలు ఈ బాధ చెప్పని వారం లేదు. బాబా బండి గరాజ్‌కు తీసుకుపోతే విప్పే ముందు ఫోటో తియ్యండి, ఏం పోయిందో గరాజ్ వాడితోనే ఫోన్‌లో అరబీలో చెప్పించండి, పాత పార్టు ఇంటికి తెచ్చి చూపించండి. బిల్లు తప్పక అడగండి. ఈ దేశంలో వినియోగదారుల రక్షణకు 2014లో వచ్చిన 39వ నంబరు చట్టం ఉంది, కానీ చేతిలో కాగితం లేకపోతే యాడికి పోయి ఏం చెప్తాం? బిల్లు ఇవ్వను అన్నవాడి దగ్గర బండి దించొద్దు.

మేము షాపు పేరు ఇక్కడ పెట్టడం లేదు, డబ్బు తీసుకుని రాసినారు అంటారు. కావలసినవాళ్ళు ఇన్‌బాక్స్‌లో అడగండి, లొకేషన్ పంపుతాం. శుక్రవారం మూసి ఉంటుంది. శనివారం పొద్దున్నే పోండి, తొమ్మిది దాటితే ముందు నాలుగు బండ్లు నిలబడి ఉంటాయి.