రెండు వాకిళ్లు, ఒకే వరుస

తెలుగున ‘వరుస’ యను మాటకు రెండర్థములు గలవు. బంధుత్వమును వరుసయే; ఒకరి వెనుక నొకరు నిలుచుటయు వరుసయే. అమెరికా సంయుక్తరాష్ట్రములలో స్థిరనివాసము కోరు తెలుగువారి బ్రదుకును నేడు ఈ రెండర్థములును గలసి శాసించుచున్నవి. గ్రీన్‌కార్డు అని లోకవ్యవహారమున పిలువబడు శాశ్వత నివాసపత్రమునకు ఆ దేశపు చట్టము ముఖ్యముగా రెండు వాకిళ్లు ఉంచినది. ఒకటి బంధుత్వము, రెండవది విద్యానైపుణ్యము. లాటరీ పద్ధతి యొకటి కలదు గాని, ఇప్పటికే అధికసంఖ్యలో పోవుచున్న దేశములవారికి అది వర్తింపదు. భారతదేశము ఆ కోవలోనిదే. ఈ రెండు వాకిళ్లును వేరువేరనియు, చదువుగలవానికి రెండవది సులభమనియు మన పట్టణములలో పలువురు తలంతురు. చట్టమును దగ్గరగా చూచినచో ఆ తలంపు నిలువదు.

ఆ వాకిళ్లు ఆదినుండియు తెరచియున్నవి కావు. 1917 నాటి చట్టము ఆసియాలో అధికభాగమునకు తలుపులు మూసినది. 1923 ఫిబ్రవరిలో భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యమున అమెరికా సర్వోన్నత న్యాయస్థానము భారతీయులు పౌరసత్వమునకు అనర్హులని తీర్పు చెప్పినది. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు బోస్టను నగరమున అడుగుపెట్టినది ఆ సంవత్సరముననే. తరువాతి పాతికేండ్లలో ఆ మహనీయుని పరిశోధనలు ఎందరి ప్రాణములనో నిలిపినవి. 1948లో అచ్చటనే కన్నుమూయువరకు ఆయన అమెరికా పౌరుడు కాలేదు. 1946లో లూస్-సెల్లర్ చట్టము భారతీయులకు పౌరసత్వార్హతను, దానితోపాటు ఏడాదికి వందమంది వలసకు అనుమతిని ప్రసాదించినది. దాదాపు నలుబది కోట్ల జనమునకు వందమంది!

1965 అక్టోబరు 3న స్వాతంత్ర్యదేవత విగ్రహము చెంత అధ్యక్షుడు జాన్సన్ సంతకము చేసిన చట్టముతో ఈ జాతిభేదము తొలగినది. అయితే ఆ చట్టమున నైపుణ్యమునకన్న బంధుత్వమునకే పెద్దపీట వేయించినవారి ఊహ వేరు. దేశమున నున్నవారిలో అధికులు ఐరోపా సంతతివారు కావున, బంధుత్వము పేర వచ్చువారును ఐరోపావారే యగుదురని వారి లెక్క. లెక్క తప్పినది. ఐరోపావారికి దేశము విడువవలసిన అగత్యము తగ్గినది. గుంటూరు, విశాఖపట్టణము, కాకినాడ, హైదరాబాదు వైద్యకళాశాలల పట్టభద్రులు రెండవ వాకిట ప్రవేశించి, కొన్నేండ్లకు పౌరులై, మొదటి వాకిట తమ తల్లిదండ్రులను, తోబుట్టువులను పిలిపించుకొనిరి.

ఆ చట్టపు వావివరుసలు మనవి కావు. పౌరుని భార్యకుగాని భర్తకుగాని, పెండ్లికాని చిన్నబిడ్డలకును, తల్లిదండ్రులకును సంఖ్యానియమము లేదు. ఎదిగిన బిడ్డలకును, తోబుట్టువులకును ఏటేటి పరిమితులు గలవు. మేనమామ, మేనత్త, అమ్మమ్మ, తాత ఆ పట్టికలోనే కానరారు. తోబుట్టువులకు ప్రపంచమంతటికిని ఏడాదికి కేటాయించినవి 65,000 మాత్రమే. 2025లో భారతదేశము నుండి పిలుపందుకొన్నవారు 2006లో దరఖాస్తు పెట్టినవారు. పుష్కరమున్నర నిరీక్షణము! అన్న దరఖాస్తు పెట్టిననాడు ఉయ్యాలలోనున్న మేనల్లుడు, తల్లికి పిలుపు వచ్చునాటికి మన ఎన్నికలలో ఓటు వేయుచుండును.

ఇక నైపుణ్యపు వాకిలి. ఇచ్చటినుండి పోవు ఇంజనీరు తొలుత హెచ్-1బి యను తాత్కాలిక అనుమతితో పోవును. ఈ అనుమతులు పొందువారిలో నూటికి డెబ్బదిమంది భారతీయులే. స్థిరనివాసమునకు సాధారణముగా అతడు కాక అతని యజమాని అర్జీ పెట్టవలెను. అంతకుముందు, ఆ పనికి తగిన అమెరికను దొరకలేదని ఋజువు చూపవలెను. అందులకై రెండు ఆదివారములు వార్తాపత్రికలో ప్రకటన వేయవలెనని నిబంధన. అభ్యర్థి దొరకకుండుగాక యను కోరికతో వేయబడు ప్రకటన పత్రికాలోకమున మరియొకటి యుండదేమో! ఈ కాగితములు ప్రభుత్వమునకు చేరిన దినమే అతనికి వరుసలో స్థానము.

చిక్కు ఇచ్చటనే మొదలగును. 1990 నాటి చట్టము ఉద్యోగమూలముగా ఏడాదికి 1,40,000 పత్రములు నిర్ణయించినది. వానిలో భార్యాబిడ్డలకు ఇచ్చునవియు చేరియున్నవి. నలుగురున్న కుటుంబమునకు ఇంజనీరు ఒక్కడే యైనను, తరుగునవి నాలుగు. అనగా నైపుణ్యపు వాకిట లోనికి పోవువారిలోను అధికభాగము బంధువులే. దీనిపై ఏ దేశమునకును నూటికి ఏడుకు మించరాదని మరియొక కట్టుబాటు. ఉన్నతవిద్యావంతుల తరగతికి ఏటా రమారమి 40,000 పత్రములుండగా, ఒక దేశమునకు వచ్చునవి 2,800. ఐస్‌లాండునకును, భారతదేశమునకును ఒకే కొలత. ఇతరదేశములవారు వాడుకొనగా మిగిలినవి వరుసలో ముందున్న భారతీయులకు వచ్చును గాని, ఆ మిగులు నమ్మదగినది కాదు. 2025లో ఈ తరగతి భారతీయుల పిలుపు తేదీ 2012, 2013 సంవత్సరముల నడుమనే కదలినది. భార్యాబిడ్డలతో గూడ భారతీయుల వరుస పదిలక్షలకు మించినదని లెక్క.

అంతకన్న విడ్డూరము, ఇచ్చట దేశమనగా పౌరసత్వము కాదు, జన్మస్థలము. కెనడా పౌరుడైన తెలుగువాడును భారతీయుల వరుసలోనే నిలువవలెను. తెలుగు తల్లిదండ్రులకు కువైటులో పుట్టినవాడు కువైటు వరుసలో నిలిచి ముందుగా లోనికి పోవును. భార్య మరియొక దేశమున జన్మించినచో భర్త ఆమె వరుసను వాడుకొనవచ్చును. మన జాతకములలో సైతము పుట్టినచోటికి ఇంతటి ప్రాబల్యము లేదు.

ఏ ఒక్క దేశమువారును వాకిలి నంతను ఆక్రమింపరాదనుట ఈ కట్టుబాటునకు ఆధారము. దానిని తీసివేయవలెనని 2019 జూలైలో ప్రతినిధుల సభ 365 ఓట్లతో తీర్మానించినది, వ్యతిరేకించినవారు 65గురు. 2020 డిసెంబరులో సెనేటు వేరొక రూపమున దానిని ఆమోదించినది. రెండు రూపములకును పొత్తు కుదరక బిల్లు మురిగిపోయినది. అది చట్టమైయున్నను, మొత్తము సంఖ్య పెరుగనప్పుడు భారతీయుల వరుస తరుగుటయు, ఇతరుల వరుస పెరుగుటయు తప్ప వేరు ఫలితము రాదు. భార్యాబిడ్డలను లెక్కనుండి తొలగించుటయే సూటియైన మందు. ఆ మాట ఎత్తువారు చట్టసభలో లేకపోలేదు. ఎత్తి నెగ్గినవారు మాత్రము లేరు.

వరుసలోనివారు ఊరకుండలేదు. 2007 జూలైలో ఉద్యోగమూలపు తరగతులలో పెక్కింటికి తేదీలు తెరచినట్లు ప్రకటించి, వేలమంది కాగితములు సిద్ధపరచుకొన్న తరువాత, జూలై 2న ఆ మాటను ప్రభుత్వము వెనుకకు తీసికొన్నది. అందుకు నిరసనగా భారతీయులు వలసశాఖాధిపతికి పూలగుత్తులు పంపిరి. ఒక హిందీ చలనచిత్రము నాడు ప్రచారములోనికి తెచ్చిన గాంధేయపద్ధతి అది. ఆయన ఆ పూలను గాయపడిన సైనికుల ఆసుపత్రికి పంపించెను. పదునేడవ తేదీనాటికి ప్రభుత్వము దిగివచ్చి ఆగస్టు 17 వరకు అర్జీలు తీసికొనుట కంగీకరించినది. పూలకు లొంగిన కార్యాలయమును చెప్పుకొనదగినదే.

రెండు వాకిళ్లకు లోపలనుండి దారి కలదనుటకు మరియొక సాక్ష్యము కోవిడు కాలము. బంధుత్వపు పత్రములు ఒక ఏట మిగిలినచో, మరుసటి ఏట అవి ఉద్యోగపు కోటాలో కలియును. విదేశములలోని దౌత్యకార్యాలయములు మూతపడుటచే 2020లో అవి పెద్దగా మిగిలినవి. 2021 ఆర్థికసంవత్సరమున ఉద్యోగపు పత్రములు ఇంచుమించు 2,62,000 అయినవి. కాని అందులో 60,000 పైచిలుకు, గడువులోగా పని తెమలక వృథాయైనవి. ఎదుట పదిలక్షలమంది నిలిచియుండగా!

2025 సెప్టెంబరు 19న అధ్యక్షుడు ట్రంప్ క్రొత్త హెచ్-1బి అర్జీలపై లక్ష డాలర్ల రుసుము విధించెను. అది వీధితలుపునకు వేసిన గడియ. లోపల వరుసలోనున్నవారికి దానివలన ఒక్క పత్రమైనను పెరుగలేదు. 2000 నాటి చట్టమువలన వారు మూడేండ్లకొకమారు అనుమతి పొడిగించుకొనుచు ఉండవచ్చును. ఉద్యోగము పోయినచో మాత్రము అరువది దినములలో మరియొక యజమానిని వెదకికొనవలెను.

అయినను నిరీక్షణభారము నిజముగా మోయువాడు ఆ ఇంజనీరు కాడు. అతనికి జీతమున్నది, ఇల్లున్నది. భారము అతనికి ముందు తరముపైనను, వెనుక తరముపైనను పడుచున్నది. తల్లిదండ్రులను పిలిపించు హక్కు పౌరునికే గాని, గ్రీన్‌కార్డు గలవానికి లేదు. 2013 ఏప్రిలు తొలినాళ్లకు ముందే వరుసలో చేరినవానికి 2025లో పత్రము లభించినదనుకొన్నను, మరి అయిదేండ్లకు గాని అతడు పౌరుడు కాలేడు. 2013లో అరువదేండ్లున్న తల్లికి అప్పటికి డెబ్బదియేడు. ఆ వయస్సున ఆమె గోదావరి గట్టు విడిచి టెక్సాసు పోవునా యనునది వేరు ప్రశ్న.

అతనికి ఆనాడు హైదరాబాదులో పుట్టిన తొమ్మిదేండ్ల కూతురున్నచో, 2025కు ఆమెకు ఇరువదియొకటి నిండును. ఆ దినముతో ఆమె చట్టము దృష్టిలో ‘బిడ్డ’ కాదు. తండ్రి వరుసనుండి జారిపోవును. 2002 నాటి రక్షణచట్టము యజమాని అర్జీ పరిశీలనకు పట్టిన కాలమును మాత్రమే ఆమె వయస్సునుండి తగ్గించును. వరుసలో గడచిన పన్నెండేండ్లను తగ్గింపదు. 2015లో డాలసులో పుట్టిన తమ్ముడు పుట్టుకతోనే పౌరుడు. అక్కకై అతడు అర్జీ పెట్టవలెనన్న 2036 రావలెను. ఆ తరువాత తోబుట్టువుల వరుస. తండ్రికి పత్రము వచ్చిన పిమ్మట, ఎదిగిన అవివాహిత కుమార్తెగా ఆమెకు మరల అర్జీ పెట్టవచ్చును. దానికి నేటి వేగమున ఎనిమిదేండ్లు దాటును. అంతవరకు ఆమె విద్యార్థినిగానో, అదృష్టము బాగుండి హెచ్-1బి దొరకినచో ఉద్యోగినిగానో కాలము గడపవలెను. ఇచ్చట అమ్మమ్మ సంబంధములు చూచుచుండవచ్చును. కాని తండ్రి పౌరుడు కాకముందే ఆమె పెండ్లాడినచో ఆ అర్జీ చెల్లదు.