మన బాలురు - మత్తుపదార్థములు

బిడ్డలు చెడిపోవుచున్నారని వాపోవని తలిదండ్రులు నేడు మన పట్టణములలో అరుదు. విద్యాలయముచెంత గంజాయి పట్టుబడినదని గాని, మీసము మొలవని బాలుడు త్రాగి వీథిలో పడిపోయెనని గాని వార్త వచ్చినప్పుడెల్ల ప్రభుత్వమును దూషింతుము, పోలీసువారిని నిందింతుము, చివరకు కాలమును తిట్టి ఊరకుందుము. ఈ నిందలో సత్యము లేదని మేము చెప్పము. మద్యముపై వచ్చు రాబడికి అలవాటుపడిన ఖజానా, బాలుర సంరక్షణభారమును ఒంటరిగా వహింపగలదని నమ్ముట కష్టము. కాని అంతటితో మన కర్తవ్యము తీరినదనుకొనుట ఆత్మవంచన. అనేక గృహములలో బాలుని చేతికి మొదటి సీసా నందించువాడు దుకాణదారు కాడు, ఇంటి పెద్దయే.

సాయంకాలము కాగానే కుమారుని పిలిచి, ‘అంగడికి పోయి సీసా పట్టుకొని రా’ అని పంపువారు లేరా? పెండ్లినాడు, పండుగనాడు, ‘ఒక్క గుక్క త్రాగిన మగవాడ వగుదువురా’ అని మేనల్లుని నోటికి గ్లాసు నందించు మేనమామలు లేరా? సిగరెట్టుపెట్టె తెమ్మని పంపిన తండ్రి, రేపు ఆ బిడ్డ జేబులో సిగరెట్టు కనబడిన ఏ ముఖముతో మందలించును?

ఇది మర్యాదకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2015 నాటి బాలల న్యాయచట్టములోని 77వ సెక్షను ప్రకారము, వైద్యుని ఆదేశముపై దప్ప, 18 ఏండ్లు నిండనివారికి మద్యమును గాని, మాదకద్రవ్యమును గాని, పొగాకును గాని ఇచ్చినవారు ఎవరైనను 7 ఏండ్లవరకు కఠిన కారాగారవాసమునకును, లక్ష రూపాయలవరకు జరిమానాకును పాత్రులు. ‘ఎవరైనను’ అన్న మాటలో మేనమామయు చేరును. 78వ సెక్షను, మద్యమును గాని, మాదకద్రవ్యమును గాని బాలునిచే అమ్మించినవానినే గాక మోయించినవానిని కూడ అదే శిక్షకు గురిచేయుచున్నది. విద్యాసంస్థలకు 100 గజములలోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము శాసించుచున్నది. ఉభయ తెలుగు రాష్ట్రములలోను 21 ఏండ్లు నిండనివారికి మద్యము విక్రయింపరాదు. చట్టములకు కొదువలేదు, వానిని జ్ఞాపకముంచుకొను వీథులకే కొదువ.

సీసా, గంజాయి మాత్రమే శత్రువులని భ్రమపడరాదు. కేంద్రప్రభుత్వము ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులచే జరిపించి 2019లో వెలువరించిన పరిశీలనలో, పెద్దలకన్న పిల్లలలో అధికముగా కనబడిన మత్తు ఒక్కటే: ఆఘ్రాణించు ద్రవములు. పెద్దలలో అది నూటికి 0.58, పిల్లలలో 1.17. తప్పులు దిద్దు వైట్‌నరు, పంక్చరులు వేయు సొల్యూషను పుస్తకముల దుకాణములోను, సైకిలు షాపులోను దొరకును. పోలీసు వచ్చి పట్టుకొనవలసినది అక్కడేమియు లేదు. కొనవచ్చిన పిల్లవాని ముఖము ఎఱిగిన వర్తకుని అంతరాత్మయే అచ్చట కాపలా.

బిడ్డకు అలవాటు పట్టినదని తెలిసిన పిమ్మట పరువునకు జంకి దాచుట రెండవ అపరాధము. దాచిన జ్వరము ముదురును గాని తగ్గదు. స్వచ్ఛందముగా చికిత్సకు వచ్చిన వ్యసనపరునికి, స్వల్పపరిమాణమునకు సంబంధించిన నేరములలో అభియోగమునుండి రక్షణ పొందు మార్గమును 1985 నాటి మాదకద్రవ్యచట్టమే 64-ఎ సెక్షనులో చూపినది. 14446 సంఖ్యకు టెలిఫోను చేసి సలహా పొందవచ్చును. కొట్టి బాగుచేయుదుమనువారు వైద్యుని యొద్దకు నడచిన మేలు.

పదిమంది కట్టుబాటు ఫలించునా యని సంశయించువారికి రెండు దృష్టాంతములు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్వ గుమికూడిన స్త్రీలు సారాపై తిరుగబడిరి. ఆ నిప్పు జిల్లాలను దాటినది. 1993లో రాష్ట్రమంతట సారాయు, 1995లో సమస్త మద్యమును నిషేధింపబడెను. 1997లో మద్యనిషేధము సడలింపబడెను. శాసనము వచ్చును, పోవును. వీథి మేలుకొని యున్నంతకాలమే అది నిలుచును. రెండవది దూరదేశమగు ఐస్‌లాండు. అచ్చట 1998లో 15, 16 ఏండ్లవారిలో గడచిన నెలలో త్రాగి మైకము చెందినవారు నూటికి 42 మంది. 2016 నాటికి 5గురు. తలిదండ్రులు ఒడంబడికలు వ్రాసికొని, రాత్రివేళ పిల్లలు వీథిలో తిరుగకుండ కనిపెట్టి, క్రీడలకును సంగీతమునకును తావు కల్పించిరి.

కావున మా సూచనలు స్వల్పములు. ప్రతి పఠనమందిరమును నెల కొక సాయంకాలము తల్లులను, తండ్రులను, ఉపాధ్యాయులను, వర్తకులను ఒకచోట కూర్చుండబెట్టవలెను. బాలునిచే సీసా గాని సిగరెట్టు గాని తెప్పింపమనియు, వేడుకలో పిల్లల యెదుట పాత్ర ముట్టమనియు గృహస్థులు మాట యీయవలెను. వయసు తెలియక అమ్మమని వర్తకులు మాట యీయవలెను. పొరుగువాని బిడ్డ దారి తప్పుచున్నచో పదిమందిలో చాటక తండ్రి చెవిని వేయుట చాడీ కాదు, స్నేహధర్మము. ఆటస్థలము లేని పేటకు ఆటస్థలము కావలెనని పురపాలకసంఘమును నిలదీయవలెను; వద్దనిన చోటికి బదులు పొమ్మను చోటు చూపనిదే బాలుడు వినడు.

వీనిలో దేనికిని లైసెన్సు అక్కఱలేదు, బడ్జెటు అక్కఱలేదు. నేటి సాయంకాలము కుమారుని అంగడికి పంపబోవు తండ్రి చేయి వెనుకకు తీసికొనుటతోనే ఈ ఉద్యమము ఆరంభము కాగలదు.