బంగాళాదుంపకు సున్నపు బలం

బంగాళాదుంప చేనులో లేత ఆకుల అడుగుభాగం రాగిరంగుకు తిరిగి, అంచులు కిందికి ముడుచుకుంటే రైతు అది తెగులే అనుకుంటాడు. పుణే ప్రాంతంలో దీనికి ‘తాంబేరా’ అని పేరు. నిజానికి అది నల్లి చేసే పని. మిల్లీమీటరులో అయిదో వంతు మాత్రమే ఉండే ఆ జీవి ఆకు అడుగున చేరి రసం పీలుస్తుంది.

మందు చల్లడం ఒక మార్గం. మొక్కకు లోపలి బలం చేకూర్చడం మరొకటి. రాతికట్టడంలో రాళ్లను సున్నం పట్టి ఉంచినట్లే, మొక్కలో కణానికీ కణానికీ నడుమ కాల్షియం అతుకుగా నిలుస్తుంది. ఆ అతుకు బలంగా ఉన్న ఆకు పురుగు నోటికి సులువుగా లొంగదు. పురుగు కొరికినప్పుడు ప్రమాదవార్తను ఆకునుండి ఆకుకు చేరవేసేదీ కాల్షియమేనని, ఆవజాతికి చెందిన ఒక చిన్న మొక్కలో 2018లో శాస్త్రజ్ఞులు చూపారు.

అయితే కాల్షియం నల్లిని చంపే విషం కాదు. నత్రజని మితిమీరిన చేను రసం పీల్చే పురుగులకు విందుభోజనం. ఆ తప్పును కాల్షియం పూర్తిగా దిద్దలేదు.

దానిని వేసే చోటు కూడా ముఖ్యమే. నీటితోపాటు ఆకులకు ఎక్కిన కాల్షియం తిరిగి దుంపకు దిగిరాదు. దుంప దగ్గరి సన్నని వేళ్లే దానిని నేలనుండి అందించాలి. రాయలసీమ రైతు ఊడలు దిగే వేళ వేరుశనగకు జిప్సం వేసేదీ ఇటువంటి కారణం చేతనే. బంగాళాదుంపకూ సున్నంకంటె జిప్సమే మేలు. సున్నంతో నేల క్షారగుణం పెరిగి, దుంప తోలుపై పొక్కులు కట్టే తెగులు సోకవచ్చు.

గోడ ఎంత గట్టిదైనా కావలి తప్పదు. భూతద్దం చేతబట్టి ఆకు అడుగున చూసే రైతుకే ఆ గోడ అక్కరకు వస్తుంది.