గట్టిపరిస్తే విషం పోయినట్లేనా?

పామర్రు: సీసం, క్రోమియం వంటి లోహాలున్న పారిశ్రామిక మడ్డిని సిమెంటు, సున్నం, బొగ్గుబూడిదలతో కలిపి దిమ్మలుగా మార్చడమే ఘనీకరణ. సిమెంటులోని క్షారగుణం లోహాలను నీటిలో కరగకుండా పట్టి ఉంచుతుంది. అయితే ఆమ్లం తగిలితే ఆ పట్టు సడలుతుంది. మడ్డిలో నూనెలు అధికంగా ఉంటే సిమెంటు సరిగా బిగుసుకోదు. కనుకనే దిమ్మల నుంచి విషం ఊరుతున్నదీ లేనిదీ పరీక్షించి, అడుగున ప్లాస్టిక్ పొరలు పరచిన గోతుల్లోనే పూడ్చాలి.

ఇందుకై దుండిగల్, పరవాడలలో కేంద్రాలున్నాయి. 2016 నిబంధనల ప్రకారం కర్మాగారాలు ఇటువంటి వ్యర్థాలను సాధారణంగా 90 రోజులకు మించి నిల్వ ఉంచరాదు.

సిమెంటు కలిపితే బరువు పెరుగుతుంది, రవాణా ఖర్చూ పెరుగుతుంది. దగ్గర్లోనే పూడ్చేద్దామన్న ఆశ పుట్టేది ఇక్కడే. కాలువలు, చెరువులే ఆధారమైన ఈ డెల్టాలో అందుకు తావివ్వరాదు. అధికారులు ముందుగానే మేల్కొనవలసి ఉంది.