బ్యాండ్ పెట్టాలంటే ముందు ఏం కావాలి?



పోయిన వార్షికోత్సవానికి సొంతంగా ఒక పాట కట్టి, నలుగురం కలిసి వాయిద్యాలతో పాడదామని నేను అన్నాను. మా గదిలోని తమ్ముడొకడు వెంటనే, "అన్నా, గిటార్ లేదు, డ్రమ్స్ లేవు, నేర్పే సారు లేడు. మనకెందుకన్నా ఈ బ్యాండ్లు?" అన్నాడు. చివరికి స్పీకర్లు అద్దెకు తెచ్చి సినిమా పాటలకు డాన్సులు వేశాం. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ "మనకెందుకు" అన్న మాట మాత్రం నన్ను ఏడాదిగా వెంటాడుతోంది.

నాకు హెవీ మెటల్ అంటే ఇష్టం. దాన్ని ఇయర్‌ఫోన్లలో వింటుంటే "ఆ అరుపులేమిట్రా?" అని నవ్వే మిత్రులున్నారు. అది డబ్బున్న పిల్లల సరదా అని కూడా అంటారు. అసలు ఈ సంగీతాన్ని మొదలుపెట్టినవాళ్లు ఎవరో తెలిస్తే అలా అనరు.

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ ఫ్యాక్టరీల ఊరు. అక్కడ ఆస్టన్ అనే కార్మికవాడలో 1968లో నలుగురు కుర్రాళ్లు కలిశారు. గిటార్ వాయించే టోనీ అయోమీ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదిహేడేళ్ల వయసులో, ఆ పని మానేస్తున్న చివరి రోజునే యంత్రంలో పడి అతని కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం కాబట్టి తీగలు నొక్కవలసింది ఆ వేళ్లతోనే. అతను ప్లాస్టిక్ సీసాను కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, వాటి మీద తోలు అతికించాడు. గట్టి తీగలు నొక్కలేక సన్నవి వేసుకున్నాడు. తర్వాత కాలంలో తీగల బిగువు కూడా తగ్గించాడు. ఆ బరువైన శబ్దం వెనుక ఒక కార్మికుడి దెబ్బతిన్న చేయి ఉంది.

పాడే ఓజీ ఆస్బోర్న్ పశువధశాలలో పనిచేసినవాడు. ఫ్యాక్టరీ కార్మికుడైన తండ్రి అప్పు చేసి అతనికి మైకు సెట్టు కొనిచ్చాడు. "పాడే అవకాశం కావాలి, సొంత మైకు సెట్టు ఉంది" అన్న అర్థం వచ్చేలా ఓజీ ఒక సంగీత దుకాణంలో చీటీ అంటించాడు. ఆ చీటీ చూసే టోనీ, డ్రమ్స్ వాయించే బిల్ వార్డ్ అతని ఇంటికి వెళ్లారు. వారికి బాస్ గిటార్ వాయించే గీజర్ బట్లర్ తోడయ్యాడు. మొదట వాళ్లు వాయించింది ఇతరుల బ్లూస్ పాటలే. పేరు కూడా రెండు మూడు సార్లు మార్చుకుని చివరికి బ్లాక్ సబ్బాత్ అయ్యారు. మొదటి ఆల్బమ్‌ను 1969 అక్టోబరులో దాదాపు ఒక్క రోజులో రికార్డు చేశారు. అది 1970 ఫిబ్రవరి 13న విడుదలైంది.

హార్డ్‌కోర్ కథ ఇంకా చిన్న వయసువాళ్లది. పంక్ సంగీతాన్ని మరింత వేగంగా, ఒకటి రెండు నిమిషాల్లో ముగిసే పాటలుగా వాయించడమే హార్డ్‌కోర్. అమెరికాలోని వాషింగ్టన్‌లో దానికి దారి వేసినవారిలో బ్యాడ్ బ్రెయిన్స్ అనే నల్లజాతి యువకుల బృందం ముఖ్యమైనది. ఆ ఊళ్లోనే హైస్కూలు పిల్లలు టీన్ ఐడిల్స్ అనే బ్యాండ్ పెట్టారు. ప్రదర్శనల్లో వచ్చిన డబ్బు పంచుకోకుండా ఒక పెట్టెలో దాచారు. ఏడాది తిరగగానే బ్యాండ్ విడిపోయింది. అప్పుడైనా డబ్బు పంచుకోవచ్చు కదా! పంచుకోలేదు. ఆ డబ్బుతో తమ పాటల రికార్డు వెయ్యి కాపీలు వేశారు. అట్టలు తామే కత్తిరించి, మడిచి, జిగురు పెట్టి అతికించారు. ఆ రికార్డు కోసం 1980లో పెట్టిన డిస్కార్డ్ అనే సంస్థ నేటికీ ఉంది.

వీటిని బట్టి నాకు తెలిసింది ఇదీ. బ్యాండ్‌కు ముందు కావలసింది గిటార్ కాదు. నాకు తోడు కావాలని నలుగురికీ తెలిసేలా చెప్పే ధైర్యం కావాలి. వారంలో ఒక గంట ఎవరూ వెళ్లగొట్టని గది కావాలి. వచ్చిన రూపాయిని పంచుకోకుండా దాచే నమ్మకం కావాలి. ఆ తర్వాత నాలుగు పాటలు బాగా నేర్చుకోవడం, రెండు సొంతంగా కట్టడం, పాతిక మంది ముందు వాయించి తప్పులు తెలుసుకోవడం. గదిలో పదిమందిమి సర్దుకుని, సబ్బు నుంచి గైడు దాకా పంచుకుని బతికే మనకంటే ఈ పని ఎవరికి సులువు?

"పాట కూడు పెడుతుందా?" అని మా అమ్మ అడుగుతుంది. ఆమె కూలి డబ్బుతో చదివి మా ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆ ప్రశ్నను తేలికగా తీసుకోలేను. చాలా బ్యాండ్లు కూడు పెట్టవు, ఏడాదికే విడిపోతాయి. నేనూ ఉద్యోగ పరీక్షలకు చదువుతూనే ఉన్నాను. చదువు మానమని ఎవరికీ చెప్పను. వారానికి ఒక గంట అంటున్నాను, అంతే.

ఇంకో మాట ఒప్పుకోవాలి. మా నాన్న డప్పు కొడతాడు. డిగ్రీ మూడేళ్లూ ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చావుకూ చాటింపుకూ పిలిచే వాయిద్యమని సిగ్గుపడ్డాను. రేకుల ఫ్యాక్టరీలో వేళ్లు పోగొట్టుకున్నవాడి గిటార్‌ను చెవుల్లో పెట్టుకుని తిరుగుతూ, మా ఇంటి గోడకు వేలాడే వాయిద్యాన్ని దాచాను! "వాయిద్యాలు లేవు" అన్న తమ్ముడికి ఆ రోజు నేను చెప్పవలసిన జవాబు అదే. చెప్పలేకపోయాను.

2025 జూలై 5న బ్లాక్ సబ్బాత్ నలుగురూ తమ ఆస్టన్‌లోనే, విల్లా పార్క్ మైదానంలో చివరిసారి వాయించారు. ఓజీ కూర్చునే పాడాడు. అదే నెల 22న కన్నుమూశాడు. మొదలుపెట్టిన వాడకే తిరిగివచ్చి ముగించారు.

నాకు ఈ ఏడాదితో హాస్టల్ ముగుస్తుంది. అందుకే వార్డెన్ గారికి ఒక మనవి: ఆదివారం సాయంత్రం ఒక గంట భోజనశాల మాకు ఇప్పించండి. తమ్ముళ్లకు ఒక మాట: నోటీసు బోర్డు మీద రేపే ఒక చీటీ అంటిస్తున్నాను. "పాడేవాళ్లు, వాయించేవాళ్లు, నేర్చుకోవాలనుకునేవాళ్లు కావాలి. డప్పు ఉంది."